చెమ్మ పోయిన ఇల్లు

పొద్దు నడినెత్తికొచ్చినా ప్రభుదాస్ ఇంకా గోడ గీకుతూనే ఉన్నాడు. పెచ్చులూడిన సున్నం పొడిగా రాలి తలమీద, కనురెప్పలమీద పడుతోంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నా దగ్గు ఆగడం లేదు. గిన్నెలు, బట్టల మూటలు అన్నీ వాకిట్లో ఎండలో ఉన్నాయి. వాటి మధ్యనే పదో తరగతి చదివే కూతురు నర్మద పుస్తకం పట్టుకుని కూర్చుంది.

కొత్త సంవత్సరానికి ఇంకా నాలుగు రోజులే. శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీల వెనక ఈ రెండు గదుల్లో వాళ్లు అద్దెకుంటూ ఆరేళ్లయింది. ఆరేళ్లూ పడమటి గోడకు చెమ్మే. వానలు పడితే గోడ నల్లగా బూజు పట్టేది, నర్మదకు ఆయాసం వచ్చేది. ఇంటి ఓనరు ఇంద్రసేనకు ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాం తియ్" అనేవాడు. ప్రభుదాస్ పెయింటరే. రావిర్యాల నుంచి బాలాపూర్ దాకా ఎన్నో ఇళ్లకు రంగులేశాడు. తన ఇంటికి వేద్దామంటే పనున్నప్పుడు తీరిక లేదు, తీరికున్నప్పుడు చేతిలో రూపాయి లేదు.

ఈసారి భార్య స్టెల్లా పట్టుబట్టింది.

"కొత్త సంవత్సరం నాడు పాస్టరుగారు ప్రార్థనకు వస్తరు. గీ నల్లగోడ ముందల కూసోవెట్టాల్నా? పిల్లకు పరీచ్చలున్నయ్. గా ఆయాసంతోని ఎట్ల సదువుతది?"

మూడు రోజులు పని మానుకుని ప్రభుదాస్ మిద్దెమీది నెర్రెలు పూడ్చాడు. గోడలకు లప్పం పెట్టి, నున్నగా రుద్ది, మేస్త్రీ శ్రీపాల్ ఇచ్చిన మిగులు డబ్బాలతో లేత పసుపు రంగు వేశాడు. స్టెల్లా కిటికీ చువ్వల నుంచి గడపదాకా కడిగింది. రంగు ఆరాక నర్మద గోడకు చెంప ఆనించి చూసింది.

"డాడీ, సల్లగ లేదు!" అని నవ్వింది.

ముప్ఫై ఒకటిన పొద్దున్నే ఇంద్రసేన వచ్చాడు. గడపలో చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. ఈ ఆరేళ్లలో అతను చెప్పులు విప్పడం అదే మొదలు. గోడ తట్టి చూశాడు.

"మంచిగ జేసినవ్ ప్రభుదాసూ. నీ చేతిల పని ఉన్నది."

"మీ దయ సార్."

"ఏం లేదు, కాలేజీ పిలగాండ్లు నలుగురు అడుగుతున్రు. మనిషికి మూడు వేలిస్తరట. నువ్విచ్చేది మొత్తం నాలుగాయె. పన్నెండో తారీఖుకు ఖాళీ చెయ్యి."

స్టెల్లా ముందుకొచ్చింది.

"సార్, పిల్లకు మార్చిల పరీచ్చలు. గప్పటిదాంక జర ఆగుండ్రి. గిదంత మేమే చేసుకున్నం."

"నేను జెయ్యమన్ననా అమ్మా?" అతని గొంతులో కోపం లేదు. "ఇల్లు నాది గదా. నాకూ ఖర్చులుంటయ్."

అద్దెకు కాగితం లేదు, ఏనాడూ రసీదు లేదు.

ఒకటో తారీఖున పాస్టరు వచ్చి, ఈ గృహాన్ని ఆశీర్వదించమని ప్రార్థించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. స్టెల్లా మాత్రం గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రభుదాస్ పది రోజులు తిరిగాడు. వాళ్లిచ్చే అద్దెకు ఇబ్రహీంపట్నంలో ఒక రేకుల గది దొరికింది. కిటికీ లేదు.

పన్నెండున ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. శ్రీపాల్.

"ప్రభూ, శేరిగూడల ఇంద్రసేన అని ఒక ఓనరు ఉన్నడు. వాళ్ల కిరాయి రూములల్ల ఒకటి మస్తు చేయించిండట, పక్కదిగూడ గట్లనే గావాలట. రెండు దినాల పని, దినానికి వెయ్యి. రేపు పొద్దుగాల పో."

ప్రభుదాస్ ఉంటున్నది ఆ ఇంట్లోనేనని శ్రీపాల్‌కు తెలియదు. పదేళ్లుగా అతను చెప్పిన ఏ పనికీ ప్రభుదాస్ కాదనలేదు. స్టెల్లా చేతిలోని మూట కింద పెట్టి భర్తవైపు చూసింది.

"నేను పోను అన్నా," అన్నాడు ప్రభుదాస్.

"ఏందిరా, పానం బాగలేదా?"

"బాగనే ఉన్న. గా పని నేను జెయ్య."

"సరే, దేవేందర్‌ను పంపుత. మల్ల పని లేదని నా దగ్గరకు రాకు." ఫోన్ పెట్టేశాడు.

ప్రభుదాస్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. స్టెల్లా వాకిట్లో మిగిలిన ఇనుప బీరువాకు ఒక పక్కన వంగి, అతను రెండో పక్క పట్టేదాకా అలాగే నిలబడింది.