పిండి ముద్ద కొలత

బైకుల మెకానిక్ షాపులో ఆమెను అందరూ ఇంజనీరమ్మ అనేవాళ్లు. అందులో గౌరవం కొంత, వెటకారం కొంత. ఏది ఎంత అన్నది రోజును బట్టి మారేది. నాలుగేళ్లు మెకానికల్ చదివి వచ్చిన అన్న కూతురికి బాబాయి మొదటి ఏడాదంతా బ్రేకులు, రెండో ఏడాదంతా కార్బరేటర్లు అప్పగించాడు. ఇంజన్ల బల్ల మాత్రం ఆయనదే. కిటికీ పక్కన, వెలుతురు సూటిగా పడే చోట, రేకు పరిచి ఉంటుంది. దాని మీద టీ గ్లాసు పెట్టే ధైర్యం పిన్నికి కూడా లేదు.

అలాంటిది, పళ్ళ డాక్టరు బండి వచ్చిన రోజు బాబాయి ఎటో చూస్తూ అన్నాడు.

"దీని ఇంజన్ నువ్వు కట్టు."

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ, పిల్లి తప్ప? మొదటి స్టార్టుకి శుభ్రంగా పలికిందనుకో, బల్ల నీది. నాకెలాగూ నడుం పట్టేస్తోంది. పలకలేదనుకో, నీ బ్రేకులు నీకున్నాయి."

డాక్టరు నలభై దాటిన మెత్తని మనిషి. క్లినిక్‌లో ఆయన గొంతు పక్క గదికి వినపడదు. బండెక్కితే మాత్రం ఇంకో మనిషి. ఆదివారం కొండ దారిలో పందెం. ఒక్కో బండినీ విడిగా వదిలి, పైకి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. కిందటిసారి అర సెకను తేడాతో ఆయన రెండో స్థానంలో ఆగిపోయాడు. ఆ అర సెకను ఇంజన్‌లో దొరుకుతుందేమో చూడమని వచ్చాడు.

దొరుకుతుంది, కానీ ఒక్క చోట దొరకదు. నెత్తి ఉబ్బిన పిస్టన్ వేస్తే లోపలి గాలి, పెట్రోలు మరింత గట్టిగా నొక్కుకుంటాయి. వాల్వులని నెట్టే క్యామ్ గుబ్బ ఎత్తు పెంచితే వాల్వులు మరింత లోతుకి, మరింత సేపు తెరుచుకుంటాయి. ఉబ్బు పిస్టన్‌కి పాత క్యామే ఉంచితే ఇంజన్ లోపల్లోపలే టకటకా కొట్టుకుంటుంది. పెద్ద క్యామ్‌కి పాత పిస్టన్ ఉంచితే తక్కువ స్పీడులో నీరసంగా మూలుగుతుంది. రెండూ కలిసే మారాలి. మారితే ఇంకో చిక్కు: వాల్వు ఇంకా మూసుకోకముందే పిస్టన్ పైకొచ్చేస్తుంది, పిస్టన్ ఇంకా దిగకముందే వాల్వు తెరుచుకుంటుంది. ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టిన వియ్యంకుల్లాగా, మధ్యలో ఎడం ఉన్నంతవరకే మర్యాద.

ఆ ఎడం కొలవడానికి షాపులో ముప్పై ఏళ్లుగా ఒకటే పద్ధతి. షాపు వెనకే ఉన్న వంటింట్లోంచి గోధుమపిండి ముద్ద తెచ్చి పిస్టన్ నెత్తిన పెట్టడం, అంటుకోకుండా వాల్వులకి నూనె రాయడం, పైన మూతలా ఉండే హెడ్ బిగించి, పిస్టన్‌ని ఆడించే క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పడం. వాల్వు దిగినచోట పిండి నొక్కుకుంటుంది. హెడ్ విప్పి, ముద్దని బ్లేడుతో కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్నచోట కొలవడం. కాలేజీలో దీనికి మట్టి వాడేవాళ్లు. వంటింట్లో పిండి ఉండగా మట్టి కొనడమేంటని బాబాయి వాదన. ఆమెకీ అది సబబుగానే అనిపించింది.

గురువారం మధ్యాహ్నం కొలిచింది. ఒకటీ పాయింట్ ఆరు మిల్లీమీటర్లు.

"ఒకటిన్నర ఉంటే చాలు, దాటిందిగా. మూసెయ్," అన్నాడు బాబాయి.

ఆమె టీ తాగి వచ్చింది. అంకె నోటుపుస్తకంలో రాసేముందు ఇంకోసారి కొలవడం కాలేజీ ల్యాబులో అంటిన జబ్బు. కొలిచింది. ఒకటీ పాయింట్ తొమ్మిది.

వెర్నియర్ తుడిచి మళ్లీ కొలిచినా తొమ్మిదే. ముద్దని బొటనవేలితో నొక్కి వదిలింది. పడిన గుంట బద్ధకంగా, నిద్ర లేస్తున్నట్టు, పైకి లేచింది.

పిండి లేస్తుంది. టీ తాగేలోపు మూడు పాయింట్లు లేస్తే, వాల్వు వదిలినప్పటినుంచి బ్లేడు పడేదాకా ఎంత లేచిందో, అసలు ఎడం ఎంత తక్కువో ఆ పిండికే తెలియాలి.

ఆమె స్టూలు మీద కూర్చుని ఆలోచించింది. నోరు మూసుకుంటే ఏమవుతుంది? సాయంత్రం ఇంజన్ స్టార్టవుతుంది, శుభ్రంగా పలుకుతుంది. తక్కువ స్పీడులో వాల్వు ఉండాల్సిన చోటే ఉంటుంది. బల్ల తనదవుతుంది. ఆదివారం, కొండ మలుపులో, డాక్టరు పూర్తిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వాల్వుని మూసే స్ప్రింగు ఒక్క క్షణం వెనకబడుతుంది. వాల్వు పిస్టన్‌కి తగిలి వంగుతుంది, వెనక చక్రం బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో లెక్క కట్టడానికి నాలుగేళ్ల చదువు అక్కర్లేదు.

లేచి పక్క వీధిలో ఉన్న క్లినిక్‌కి వెళ్లింది.

"డాక్టరుగారూ, పై పళ్ళు, కింది పళ్ళు ఎక్కడ కలుస్తాయో చూడ్డానికి కొరికిస్తారు కదా, గులాబీ రంగు మైనం. రెండు పలకలు కావాలి."

"ఎవరికమ్మా పన్ను నొప్పి?"

"మీ బండికే."

డాక్టరు రెండు అడిగితే నాలుగు పలకలు ఇచ్చాడు. కారణం అడగలేదు. అడగకపోవడమే ఆమెకి కాస్త ఇబ్బందిగా ఉంది.

మైనాన్ని వేడి నీళ్లలో మెత్తబరిచి, పిస్టన్ మీద అద్ది, అంతా మళ్లీ మొదటినుంచి చేసింది. సున్నా పాయింట్ ఆరు.

బాబాయి అంకె విన్నాడు. "మైనం కరిగి జారిపోయుంటుంది."

"చల్లారిన ఇంజన్‌లో ఎందుకు కరుగుతుంది బాబాయ్?"

"మళ్లీ చెయ్యి. ఈసారి నేను తిప్పుతా."

ఆయనే తిప్పాడు. కోసింది కూడా ఆయనే. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, మళ్లీ కిందికి లాగి చూశాడు. సున్నా పాయింట్ ఆరు.

"ముప్పై ఏళ్లు," అన్నాడు చివరికి. "పిండితోనే చూశా. ఒక్క వాల్వు తగల్లేదు."

"ఎలా తగులుతుంది? అన్నీ బల్లపరుపు పిస్టన్లు. మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ. నువ్వు పిండి పెట్టకుండా కట్టినా నడిచేవి."

వంటింటి గుమ్మంలోంచి పిన్ని తల బయటికి వచ్చింది. "అంటే ముప్పై ఏళ్లుగా నా పిండి ఊరికే పాడుచేశాడన్నమాట."

"నువ్వు లోపలికి పో," అన్నాడు బాబాయి. గొంతులో కోపం లేదు. అదే ఇంజనీరమ్మకి కొత్తగా ఉంది.

"ఉబ్బు పిస్టన్ ఇంతకుముందు ఎవరికైనా వేశావా?"

ఆయన మైనం ముక్కని రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. "కిందటి నెల. ఆ ఎలక్ట్రీషియన్‌కి."

"అతనూ ఆదివారం వస్తున్నాడా?"

"వస్తున్నాడు. రోజూ పనయ్యాక కొండెక్కి దిగుతున్నాడు, చేయి అలవాటవ్వాలని."

నాలుగు కావస్తోంది. బాబాయి చేతులు గుడ్డకి తుడుచుకుని ఫోన్ తీశాడు. అవతలి గొంతు ఇవతలికి స్పష్టంగా వినిపించింది.

"చెప్పన్నా."

"బండెక్కడుంది?"

"కిందే ఉంది. ఇంకో గంటలో బయల్దేరతా. నీ చేతికి దణ్ణం పెట్టాలన్నా, బాణంలా పోతోంది."

"స్టార్ట్ చెయ్యకు. ఆటో ట్రాలీలో వేసుకుని ఇక్కడికి తీసుకురా."

"ఏం, ఏమైంది?"

"నేను కొలిచింది తప్పు."

పిన్ని చెంబు కింద పెట్టి గుమ్మంలోకి వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ మూడు మాటలు ఒక వరసలో అంతకుముందు విన్నట్టు లేదు.

"సరే అన్నా. నువ్వే విప్పుతావుగా?"

"లేదు. మా అమ్మాయి విప్పుతుంది. ఇంజన్లు ఇప్పుడు తనే చూస్తోంది."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ పని లెక్క వేశారు. వాల్వుకి ఎదురుగా పిస్టన్ నెత్తిన ఉన్న గుంటని ఇంకో మిల్లీమీటరు లోతు చేయించాలి. మిల్లింగు షాపు వాళ్లు ఆదివారంలోపు ఒక్కటే చేయగలమన్నారు. రెండోది సోమవారం.

"ఏది ముందు?" అడిగాడు బాబాయి.

పరీక్షించడానికి కాదు, నిజంగానే అడిగాడు. ఇంజనీరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. డాక్టరుది తన మొదటి ఇంజన్. ఆదివారం అది కొండెక్కుతుంటే తను కింద నిలబడి వినాలనుకుంది.

"ఎలక్ట్రీషియన్‌ది," అంది. "మనం అతనికి ఇచ్చేశాం. డాక్టరుకి ఇంకా ఇవ్వలేదు."

"మరి డాక్టరుకి ఎవరు చెప్తారు?"

"నువ్వు చెప్పవా?"

"నాకేం పని? బల్ల ఎవరిదైతే ఫోన్లూ వాళ్లవే. ముప్పై ఏళ్లు నేను చేశాగా."

ఆమె ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది, పిండి సంగతితో సహా. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు.

"అయితే ఈసారి కూడా మొదటి స్థానం లేదన్నమాట," అన్నాడు ఆ మెత్తని గొంతుతో.

"లేదండి."

"మళ్లీ పందెం ఆరు నెలలకి."

"తెలుసండి."

ఆయన, క్లినిక్‌లో ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పి పెట్టేశాడు. కోపమో కాదో గొంతును బట్టి తేలలేదు. ఆమె పానా అందుకుని, డాక్టరు ఇంజన్ భాగాలు ఒక్కొక్కటే బల్ల మీదనుంచి కింద పెట్టెలోకి సర్దడం మొదలుపెట్టింది. ట్రాలీ వచ్చేలోపు చోటు చెయ్యాలి.