కుట్టుగది హీటరు

“నీ ఒంట్లో నెత్తురు పల్చన, ఐలీ. అంతే,” అనేవాడు ఆమె మొగుడు లెస్టర్. కుట్టుగదిలో చలేస్తోందని ఆమె అన్నప్పుడల్లా అదే మాట. హీటరు మీద చెయ్యి పెట్టి “వెచ్చగానే ఉందిగా” అని వెళ్ళిపోయేవాడు. గనిలో యంత్రాలు బాగుచేసే మనిషి, ఇంటి కరెంటు పనంతా తన చేత్తో చేసినవాడు. అతని మాట కాదనడానికి ఆమె దగ్గర తన చలి తప్ప ఏముంది? డాక్టరు దగ్గరికెళ్ళి ఐరన్ మాత్రలు తెచ్చుకుంది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంది. మిన్నెసోటా చలికాలమంతా ఆ గదిలో వేళ్ళు కొయ్యబారి, సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఒకప్పుడు ఆ ఊరి పెళ్ళికూతుళ్ళ గౌన్లన్నీ ఆమే కుట్టేది. రానురాను గౌన్ల మీద పూసల వరస వంకరపోయింది. ఒక పెళ్ళికూతురి తల్లి గౌను అటూ ఇటూ తిప్పి చూసి, ఆ వంకర వరస మీద వేలు రాసి, మడతపెట్టి పట్టుకెళ్ళింది. ఆ తర్వాత ఐలీ గౌన్లు ఒప్పుకోలేదు. వేళ్ళు పోయాయని అందరికీ తనే చెప్పుకుంది. అప్పటికి నలభై దాటిందంతే. ప్యాంట్ల అంచులు కుట్టే దుకాణంలో చేరింది.

ఈ మధ్య ఆ దుకాణం మూతపడింది. పని పోయినవాళ్ళకి కరెంటు పని నేర్పుతామని కాలేజీవాళ్ళంటే పేరిచ్చింది. “బల్బు మార్చడానిక్కూడా నన్నే పిలిచేదానివి,” అని నవ్వాడు లెస్టర్.

క్లాసులో, ఇంట్లో ఏదైనా ఒకదాని వోల్టేజీ, కరెంటు కొలిచి, నిరోధం, పవరు లెక్కగట్టి తెమ్మన్నారు. ఆమె కుట్టుగది హీటరు మూత విప్పింది. లోపల రేకు మీద రెండు వందల నలభై వోల్టులు, వెయ్యి వాట్లు అని ఉంది. మీటరు నూట ఇరవై వోల్టులే చూపించింది. కరెంటు రెండు ఆంపియర్ల పైన కాస్త. భాగిస్తే నిరోధం యాభై ఏడు ఓములు, రేకు లెక్కన ఉండాల్సినంతే. హీటరు బాగానే ఉంది. గుణిస్తే పవరు రెండు వందల యాభై వాట్లు. తప్పు చేశాననుకుని మళ్ళీ గుణించింది. అంతే వచ్చింది. సగం వోల్టేజీకి సగం కరెంటు, పావు వంతు వేడి.

లెస్టర్ ముందుగదిలో టీవీలో హాకీ చూస్తున్నాడు. ఆమె లెక్క చెప్పింది.

“అప్పుడు మెయిన్ బోర్డులో రెండు వందల నలభై లైనుకి చోటు లేదు. దీపాలకి వేసే నూట ఇరవై చిన్న లైనే లాగాను. కుట్టుగదే కదా అని.”

“నీకు తెలుసా?”

“వైరు వేసినవాణ్ణి, తెలీదా? వేడి కాస్త తక్కువ, అంతేగా. శనివారం మార్చేస్తాలే, అరగంట పని.”

“మరి నా నెత్తురు పల్చన అన్నావే.”

“ఏదో అన్నాను. నువ్వూ ఊరుకున్నావుగా.”

ఐలీ ఊరుకున్నమాట నిజమే. ఆ గదిలో గంటసేపైనా కూర్చుని ఎరగని మనిషి మాట నమ్మి, తన చర్మం చెప్పింది నమ్మలేదు. అరగంట పనికి ఎన్ని గౌన్లు పోయాయో. ఇప్పుడు నిజంగానే వేళ్ళ కణుపులు వాచాయి. ఏ వెచ్చదనమూ ఆ పాత వేళ్ళని తెచ్చివ్వదు.

మర్నాడు సాయంత్రం లెస్టర్ పని నుంచి వచ్చేసరికి ముందుగది కిటికీ దగ్గర కుట్టుమిషను ఉంది. ఐలీ తెల్లటి గుడ్డ పరుచుకుని, నెమ్మదిగా, తడబడుతూ పూస కుడుతోంది.

“నా కుర్చీ ఏది?”

“కుట్టుగదిలో.”

“అక్కడ చలి కదా, ఐలీ,” అన్నాడు లెస్టర్.

ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.