ఆ నాలుగు గంటలు

వడియాలకి బూడిద గుమ్మడికాయ తురుముతున్న కన్యాకుమారి ముందు తిరుమలరావు ఆదివారం పత్రిక పడేశాడు. రాజాంలో అతనిది బట్టల కొట్టు. మధ్యాహ్నం భోజనానికి గానీ ఇంటికి రాని మనిషి పదకొండింటికే వచ్చాడంటే, కొట్లో ఎవరో ఏదో అన్నారన్నమాటే.

"మేం లేకపోవడమే నీకు సంతోషమా?" అన్నాడు.

పత్రికలో ఆమె కవిత ఉంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అచ్చయింది. ఒకసారి ఇంటిల్లిపాదీ శ్రీకూర్మం వెళ్ళారు. గుడికి వెళ్ళకూడని రోజులని ఆమెని ఇంట్లో వదిలేశారు. ఆవకాయన్నం కలుపుకుని వీధి గుమ్మంలో కూర్చుని తింది. ఫ్యాను కింద కాళ్ళు బారజాపుకుని పడుకుంది. ఎవరూ పిలవలేదు. నాలుగు గంటలు. అంతే కవిత. చివర్లో మాత్రం, ఇంత సంతోషంగా ఉన్న రోజు నా బతుకులో ఇంకొకటి లేదు అని రాసింది. ఎవరి మీదా కోపంతో రాయలేదు. ఎంత తవ్వుకున్నా నిజంగానే ఇంకో రోజు గుర్తు రాలేదు.

అత్త జగ్గమ్మకి చదువు రాదు. కొడుకు చదివి వినిపిస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మేం నిన్ను కొట్టేమేటి, తిట్టేమేటి? మేం గడప దాటితే అంత సంబరమేటే నీకు? మేం సచ్చిపోతే పండగ సేసుకుంటావా?"

సాయంత్రం సాలూరు నుంచి ఆడపడుచు ధనలక్ష్మి ఫోన్ చేసింది. "ఆడోళ్ళు రాస్తే పువ్వులూ ఎన్నెలా రాసుకోవాలి గానీ, ఇంటి గుట్టు పేపర్లో ఎట్టేసేవేటి వదినా?"

వారం రోజులు ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. పిలవడం మాత్రం మానలేదు. కాఫీకి, కండువాకి, మందు బిళ్ళకి పిలుస్తూనే ఉన్నారు. ఆఖరికి తిరుమలరావే దారి చూపించాడు. "ఇంకోటి రాయి. మన ఇంటి గురించి, మంచిగా."

అన్నం ఉడికేలోగా రాసేసింది. ఇల్లు కోవెల అంది, అత్తని అమ్మంది, మొగుణ్ణి నీడంది, కూతురు పుట్టిన రోజు స్వర్గం చూశానంది. మొదటి కవితకి ఒక్కో మాటా వెతుక్కుంటూ ఎనిమిది నెలలు కొట్టుమిట్టాడింది. ఇదేమో చెయ్యి ఆగకుండా వచ్చేసింది. అదే ఆమెకి భయమేసింది.

అదీ అచ్చయింది. తిరుమలరావు ఫ్రేము కట్టించి కొట్లో పెట్టాడు. విజయనగరంలో కవుల సభ ఉంది, వచ్చి చదవమని ఆ సభ జరిపించే జగన్నాధం మాస్టారు కబురు పెట్టారు. "అందరం వెళ్దాం, అమ్మకో పట్టుచీర తియ్యాలి," అన్నాడు తిరుమలరావు. ఇంట్లో మళ్ళీ నవ్వులు వినిపించాయి. కన్యాకుమారి కూడా నవ్వుతూనే వడ్డించింది. తనకి తప్ప ఎవరికీ తెలియని మనిషి ఎవరో పోయినట్టుంది లోపల.

ఆ శనివారం హాస్టల్ నుంచి కూతురు సుహాసిని వచ్చింది. మేడ మీద ఇద్దరూ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు.

"నీ రెండు కవితలూ చదివానమ్మా. నేను పుట్టిన రోజు స్వర్గం చూశానన్నావు. మొదటిదాంట్లో అలాంటి రోజే లేదన్నావు. ఏది నిజం?"

మంచి తల్లి ఏం చెప్పాలో కన్యాకుమారికి తెలుసు. పిల్ల కళ్ళు ఆ మాట కోసమే చూస్తున్నాయి. ఒక్క చిన్న అబద్ధం. కానీ ఇవాళ తను చెబితే, ఇరవై ఏళ్ళు పోయాక ఇదే అబద్ధం దీని నోటంట వస్తుందనిపించింది.

"మొదటిదే."

"మరి నేను పుట్టినప్పుడు?"

"ఏడ్చాను."

"ఆడపిల్లననా?"

"దానికి మీ నాయనమ్మ ఏడ్చింది. నేను... ఇంకో నన్ను కన్నాననిపించి ఏడ్చాను. నిన్ను ముద్దు పెట్టుకుంటూనే ఏడ్చానే తల్లీ."

సుహాసిని చేతిలోని చున్నీ సగం మడతలోనే పెట్టేసి కిందకి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం వెళ్ళాల్సిన పిల్ల పొద్దున్నే బస్సెక్కింది. ప్రాజెక్టు పనుందంది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. కన్యాకుమారి చేస్తూనే ఉంది. ఆ మాట వెనక్కి తీసేసుకుందామా అనుకునేది. ఎలా తీసుకోవాలో తెలిసేది కాదు.

నాలుగో రోజు, తిరుమలరావు భోంచేస్తుండగానే జగన్నాధం మాస్టారికి ఫోన్ చేసింది.

"ఇంటి గురించి రాసింది చదవనండి మాస్టారూ. మొదట అచ్చయిందే చదువుతాను."

తిరుమలరావు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అయితే మేం రాం," అని సగం అన్నంలో లేచిపోయాడు. జగ్గమ్మ కొడుకు వెనకే వెళ్ళింది.

"మీ ఇష్టమమ్మా," అంటున్నారు మాస్టారు అవతల. "అన్నట్టు, ముందు వరసలో మీవాళ్ళకి ఎన్ని కుర్చీలు ఉంచమంటారు?"

ఆమె సగం అన్నం మిగిలిన కంచం వైపు చూసింది.

"నా తరఫున ఎవరూ రారండి," అంది.