పెయింటు డబ్బాలో మామిడి

ఆ చెట్టుకి ఏమన్నా అయితే మా ఆవిడ జమీలా బతకదు. నేనూ బతకను గానీ, మగాణ్ణి కదా, ఆ మాట పైకి అనను.

ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే పని నాది. మా అమ్మాయి సల్మా ఆరేళ్లప్పుడు, జ్వరం రావడానికి వారం ముందు, మామిడిపండు తిని టెంకను నా ఖాళీ పెయింటు డబ్బాలో పాతింది. పిల్ల పోయిన పదో రోజు ఫాతిహా చదివించిన సాయంత్రం మొలక కనిపించింది. నేలలో పెడదామంటే మాకు సొంత నేలేది? ఐదేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారాం. ప్రతిసారీ రిక్షాలో జమీలా ఒళ్లో ఆ డబ్బానే.

2001లో ఇబ్రహీంపట్నంలో రెండు సెంట్ల స్థలం కొన్నాం. ఇంటికి పునాది తియ్యకముందే మొక్కను పాతాం. రెండేళ్లు బాగానే ఉంది. ఈ వేసవిలో ఆకులు వాడిపోయి, తోస్తే కాండం ఊగడం మొదలైంది. ఎండని తిట్టాను, చెదల్ని తిట్టాను, నీళ్లు సరిగా పొయ్యలేదని జమీలానీ తిట్టాను.

పక్కింటి వెంకటకృష్ణారావు గారు వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి. తొలకరి పడగానే వచ్చి చెట్టు మొదట్లో మట్టి చేత్తో తీసి చూపించారు. వేళ్లు బయటికి పోనేలేదు. డబ్బాలో ఎలా తిరిగాయో నేలలోనూ అలాగే చుట్టలు చుట్టుకున్నాయి. బొటనవేలంత లావు వేరొకటి కాండాన్ని బిగించేసింది.

"పాతేటప్పుడే ఈ చుట్టలు కోసెయ్యాల్సిందండీ. ఇప్పుడైనా కొయ్యకపోతే దాని పీక అదే నొక్కేసుకుంటుంది."

"కోస్తే?" అన్నాను.

"తట్టుకోవచ్చు. తట్టుకోకపోవచ్చు."

"అన్నేళ్లు డబ్బాలో ఉంచింది నేనే కదండీ," అంది జమీలా నాతో.

"నోర్ముయ్! జానెడు నేల కొనలేకపోయింది నేను," అని అరిచాను. అరిచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

హాక్సా బ్లేడు తీశాను. జమీలా కాండాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. సూది వేసేటప్పుడు సల్మాని కూడా అలాగే పట్టుకునేది. వేరుని రెండు చోట్ల కోసి చుట్ట ఊడదీశాను. అది బిగిసిన చోట కాండం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

మట్టి కప్పి, కర్ర పాతి కట్టి, నీళ్లు పోశాం.

"బతుకుతుందా అన్నయ్యగారూ?" అంది జమీలా.

"రెండు వారాలు ఆగండమ్మా, చూద్దాం," అన్నారాయన చేతులు కడుక్కుంటూ.

జమీలా నా చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు కూడా రెండు రోజులు ఆగమనే అన్నాడు.