నీళ్ళ దగ్గర మబ్బు

గుర్రం వెనక కుడి గిట్టలో ఇరుక్కున్న రాయిని ఇనుప కొక్కెంతో బయటికి లాగి, గిట్టను నెమ్మదిగా నేలకు దించి, ఆదిమూలం నడుము పట్టుకుని లేచాడు. ఇంకా ముందు గిట్టలు రెండూ ఉన్నాయి, జూలు జడలు వేయాలి, తోక దువ్వాలి, కళ్ళ చుట్టూ తడిగుడ్డతో తుడవాలి, ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటోంది. మబ్బు మాత్రం ఇది పలమనేరులో రోజూ జరిగే పనే అన్నట్టు అతని చొక్కా కాలరు పెదాలతో పట్టుకుని లాగుతోంది.

"వదులు నాయనా. ఉండేది ఇదొక్కటే మంచి చొక్కా."

మబ్బుకి ఐదో ఏడు. పుట్టినప్పుడు బొగ్గు నలుపు, ఇప్పుడు బూడిద రంగు, ఒళ్ళంతా దుమ్ములో వాన చినుకులు పడ్డట్టు గుండ్రటి మచ్చలు. ఇదే దానికి మొదటి పోటీ. తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్ళే దారిలో ఒక రైడింగ్ క్లబ్బు వాళ్ళు పెట్టారు. ఒకే రోజు మూడు పరీక్షలు: ముందు గీతల మధ్య లెక్క ప్రకారం నడక, తర్వాత రంగు కర్రల మీదుగా దూకడం, చివర్న తోటల్లో గుట్టల్లో దుంగలూ గుంటలూ దాటుకుంటూ పరుగు. మూడూ పూర్తి చేస్తే చాలు, గెలవకపోయినా ఫర్వాలేదు, మబ్బు పలమనేరు గుర్రాల ఫారంలోనే ఉంటుంది. చేయకపోతే అమ్మేస్తారు. ఫారం యజమాని రఘునాథ్ పోయిన వారం కొట్టం ముందు నిలబడి, సెల్‌ఫోన్ చెవి దగ్గర్నుంచి దించకుండానే ఈ మాట చెప్పేశాడు.

"వానల్లేవు, గడ్డి లేదు. ఊరికే నిలబెట్టి ఎంతకాలమని మేపేది ఆదిమూలం? పుత్తూరు వరదయ్య పెండ్లి ఊరేగింపులకు అడుగుతా ఉండాడు."

ఊరేగింపు గుర్రం బతుకేమిటో ఆదిమూలానికి తెలుసు. కళ్ళ పక్కన గంతలు, చెవుల దగ్గర బ్యాండుమేళం, కాళ్ళ మధ్య టపాకాయలు.

పక్క కొట్టంలో గోవిందు, బెంగుళూరు వాళ్ళ గుర్రంతో వచ్చినవాడు, గోడ మీదుగా తల పెట్టాడు. "ఏమప్పా, పెండ్లికూతురును చేస్తా ఉండావా? జడలేస్తే సాలదు, కనకాంబరాలు కూడా పెట్టు."

"నీ గుర్రానికి ముందు కండ్లపుసి తుడువబ్బా. ఈగలన్నీ ఆడే ఉండాయి."

ఆదిమూలానికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, వంకర కాళ్ళు, ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడో గుర్రం కొరికితే వంగిపోయి అలాగే ఉండిపోయాయి. వాళ్ళ నాయన తిరుపతి రైలు స్టేషను ముందర జట్కా తోలాడు, ఆయన తర్వాత ఇతనూ తోలాడు. ఆటోలొచ్చి జట్కాలు పోయాక పలమనేరులో గుర్రాల ఫారం ఉందంటే బస్సెక్కి వెళ్ళిపోయాడు. పెళ్ళాం మునెమ్మ కొన్నాళ్ళు ఉండి, అక్కడి చలి పడక, ఈయన ఒంటి మీద గుర్రం వాసన అసలే పడక, పుట్టింటికి పోయి ఆడే ఉండిపోయింది. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే లేరని ఊరుకునేవాడు. మబ్బు పుట్టాక మాత్రం "ఒకటుండాది" అనడం మొదలుపెట్టాడు, నవ్వుతూనే.

మొదటి పరీక్షలో మబ్బు రెండుసార్లు తల విదిల్చింది, అంతే. రెండోదాంట్లో ఒక్క కర్ర పడింది. మీదున్నది రఘునాథ్ కూతురు నందిని, బెంగుళూరులో చదువుతూ సెలవులకొచ్చి స్వారీ చేసే పిల్ల. బయటికొచ్చి మబ్బు మెడ తడుతూ "తాతా, చూశావా, చూశావా!" అని అరిచింది. ఆదిమూలం చూశాడు.

ఇక పరుగు. పదకొండో అడ్డంకి దగ్గర తాడు వెనక నిలబడ్డాడు, పక్కన గోవిందు. మోకాలి లోతు నీళ్ళ గుంట, అవతల ఎర్రమట్టి గట్టు. దుంగలన్నీ దాటుకుని, చెవులు ముందుకు పెట్టి, ముక్కుపుటాలు ఎగరేస్తూ, ఎంత బాగా వచ్చిందో! వచ్చి సరిగ్గా నీళ్ళ అంచున ఆగిపోయింది. నందిని దాని మెడ మీద పడింది.

"ఒకటి!" అన్నాడు విజిల్ మెడలో వేసుకున్న ఆయన, కాగితం మీద రాసుకుంటూ. మూడుసార్లు ఆగితే ఇంటికే.

మబ్బు వెనక్కి తిరగలేదు, బెదరలేదు. తల కొంచెం కిందికి వంచి, నుదురు ముందుకు పెట్టి నిలబడింది.

అప్పుడు ఆదిమూలానికి అర్థమైంది.

జట్కా గుర్రాన్ని కడగడానికి స్వర్ణముఖిలోకి దించేముందు నాయన దోసెడు నీళ్ళు తీసి దాని నుదుటి మీద జల్లేవాడు. "గంగమ్మను తలతో తాకినాకే కాలితో తొక్కాల. మనిషైనా, గుర్రమైనా." నలభై ఏళ్ళుగా ఆదిమూలం ఏ గుర్రాన్నీ అలా జల్లకుండా నీళ్ళలోకి దించలేదు. మబ్బు ఆర్నెల్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ కౌండిన్య ఏట్లో అంతే, తను ముందు వంగడం, జల్లడం, తర్వాత అది దిగడం. ఈ సంవత్సరం ఫారంలో తవ్విన నీళ్ళ గుంటలో దుమ్మే ఉంది. నందిని దాన్ని ఉత్తగుంటగానే దూకించింది. ఏటికి తీసుకెళ్ళేది ఆదిమూలం ఒక్కడే.

నందిని వెనక్కి తిప్పి మళ్ళీ తోలింది. మళ్ళీ అంచున ఆగింది, తల వంచింది.

"రెండు!"

"మొండిదప్పా నీ బిడ్డ," అన్నాడు గోవిందు.

"మొండిది కాదు. కనిపెట్టుకోనుండాది."

"ఎవురికోసరం?"

నందిని బెత్తం ఎత్తింది. ఒక దెబ్బ పడింది. మబ్బు చర్మం అలలా వణికింది గాని కాలు కదల్లేదు. ఆదిమూలం తాడు పట్టుకున్నాడు. గోవిందు అతని చొక్కా దొరకబుచ్చుకున్నాడు. "ఓయప్పా, గమ్మునుండు. బయటోళ్ళు చెయ్యేస్తే పోటీ పోతాది. ఇంగొకతూరి ఉండాది గదా."

నిజమే, ఇంకొకసారి ఉంది. దెబ్బలకి భయపడైనా దిగొచ్చు. దిగితే మబ్బు ఫారంలోనే ఉంటుంది. ఆదిమూలం ఆగాడు. రెండో దెబ్బకీ ఆగాడు. మూడో దెబ్బకి మబ్బు తల తిప్పి, తాడు వెనక నిలబడ్డ జనంలో ఒక్కొక్క మొహమే చూడసాగింది. నేర్పిన పని నేర్పినట్టే చేస్తున్నందుకు దెబ్బలు తింటోంది.

చొక్కా చిరిగిన చప్పుడైంది. ఆదిమూలం లోపల ఉన్నాడు. వంగి దోసెడు నీళ్ళు తీసి మబ్బు నుదుటి మీద జల్లాడు. అది ఒక్కసారి కళ్ళు మూసి తెరిచి, ఏట్లోకి దిగినట్టే దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ అవతలి గట్టెక్కింది. జనం చప్పట్లు కొట్టారు. వెంటనే, పోటీ పోయిందని విజిల్ మోగింది. ఇంకా తొమ్మిది అడ్డంకులున్నాయి. నందిని పగ్గాలు లాగేసింది.

కొట్టం దగ్గర ఆ పిల్ల హెల్మెట్ తీసి కళ్ళు తుడుచుకుంది. "ముందే ఒక్క మాట చెప్పుంటే ఆ అలవాటు మాన్పించేదాన్ని కదా తాతా."

"చెప్పేదానికేముండాది పాపా? ఎవురైనా అట్లనే కదా దిగేది."

రఘునాథ్ కేకలేస్తాడనుకున్నాడు. వేయలేదు. చిరిగిన చొక్కా వంక చూసి, "మూడోసారి దిగుండునేమో ఆదిమూలం. మనకింక తెలీదు," అన్నాడు. తర్వాత ఫోన్ తీసుకుని నీడలోకి నడిచాడు.

అలిసిన గుర్రానికి వేడి తవుడు పెట్టాలి. ఆదిమూలం మూడు ఇటుకలు పేర్చి నీళ్ళు కాచి, తవుడు పోసి, బెల్లం చిదిపి, బకెట్టులో కలియబెట్టి ఆరడానికి పక్కన పెట్టాడు. నాలుగింటికే వరదయ్య చిన్న లారీతో దిగాడు. మబ్బు చుట్టూ తిరిగి పిర్ర మీద తట్టాడు.

"మంచి జాతి మామా. రెండేండ్లలో పాల మాదిరి తెల్లగైతాది, సూడు."

"ఇది నీళ్ళలోకి దిగాలంటే ముందు నెత్తిన..."

"ఊరేగింపులో ఏరు యాడొస్తాది మామా?" వరదయ్య పకపకా నవ్వాడు. మంచివాడే, ఎగతాళికి కాదు.

"తవుడు ఆరనీ అబ్బా. రవంత తిని పోతాది."

"రేపు పొద్దున్నే ముహూర్తముండాది. మా ఆడ తింటాదిలే."

లారీకి వాల్చిన పలక ఎక్కించబోతే మబ్బు ఇద్దరిని తోసేసింది. ఆదిమూలం ముందు నడిస్తే ఎక్కేసింది. లోపల తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, దాని కడుపు కింద నుంచి వంగి అతనొక్కడే దిగాడు. అది కాలరు కోసం మెడ చాచింది. వెనక తలుపు వేసేశారు. రఘునాథ్, నందిని కారెక్కారు, ఆదిమూలాన్ని బస్సుకి రమ్మన్నారు.

లారీ చంద్రగిరి రోడ్డెక్కి, మలుపు తిరిగి, దుమ్ము కూడా అణిగిపోయింది. కొట్టం ముందర, మూడు ఇటుకల పక్కన, తవుడు బకెట్టు ఇంకా సన్నగా ఆవిరి వదులుతోంది, పైన పలచగా బెల్లం తెట్టు కట్టి, ఏ మూతీ తగలకుండా.