ఉత్తరపు తలుపు

మొదటిసారి వచ్చినప్పుడు మల్లికార్జునరావు గారు మెట్లు కూడా ఎక్కలేదు. కారు దిగి, జేబులోంచి ఇత్తడి దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ముల్లు నిలబడేదాకా ఆగి, ముఖద్వారం వైపు ఒకసారి చూశారు.

"దక్షిణం," అని చెప్పి వెళ్ళి మళ్ళీ కార్లో కూర్చున్నారు.

ఆయన కూతురు భవిత, అల్లుడు శశికాంత్ నా పక్కనే నిలబడి ఉన్నారు. భవిత తలకొట్టుకుంది. "నాన్నా, లోపలికైనా వచ్చి చూడు. ఎంత బాగుందో."

"బాగుంటే ఫొటో తీసుకో అమ్మా. దక్షిణ ద్వారపు ఇంట్లో నా కూతురు కాలు పెట్టదు."

"మామయ్యగారూ, ఇది అమెరికా," అన్నాడు శశికాంత్.

"అమెరికాలో సూర్యుడు పడమట పొడుస్తున్నాడా అల్లుడుగారూ? మీ ఫ్రెండు ఒకాయన సౌత్ ఫేసింగ్ కొన్నాడు. ఏమైంది?"

"లేఆఫ్ అయ్యాడు. ఈస్ట్ ఫేసింగ్ కొన్నవాళ్ళు కూడా అయ్యారు."

ఆయన కారు అద్దం పైకెత్తేసుకున్నారు.

ఆ ఇల్లు నాది కాదు. ఎలెనార్ గారిది. వర్జీనియాలో ఆష్‌బర్న్ దాటి కొంత దూరం వెళ్తే, రోడ్డుకి లోపలగా, ఎర్ర ఇటుకల ఇల్లు. ఇంగ్లండు పల్లెల్లో జార్జి రాజుల కాలంలో దొరలు కట్టుకున్న ఇళ్ళలాగే ఉండాలని ఆవిడ భర్త పూర్వీకులు కట్టించారట. మధ్యలో తలుపు, దానికి అటు రెండు కిటికీలు, ఇటు రెండు. పైన వాటికి సరిగ్గా తిన్నగా మళ్ళీ కిటికీలు. ఏ పక్క నుంచి చూసినా ఒక్కలాగే ఉంటుంది. వానొస్తే మాత్రం మేడమీద గదుల్లో గిన్నెలు పెట్టుకోవాలి.

మా ఆయన స్టెర్లింగ్‌లో ఒక తెలుగు హోటల్లో వంట చేసేవాడు. మేముండే గది హోటలు వాళ్ళదే. ఆయన పోయాక ఆ గది కూడా పోయింది. అప్పుడు ఎలెనార్ గారిని చూసుకునే పని దొరికింది. ఆవిడకి తొంభై దాటాయి. నన్ను "కోటీ" అని పిలుస్తుంది. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం చేతులతో సైగలు. ఇక్కడ అన్నీ తెలుగులో రాస్తున్నాను.

ఆవిడకి పిల్లలు లేరు. వ్యవహారాలన్నీ తమ్ముడి కొడుకు గ్రెగ్ చూస్తాడు. చెడ్డవాడు కాదు. ఇంటికి పన్నులు కట్టలేక, కప్పు బాగు చేయించలేక విసిగిపోయాడు. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఏడాదిగా చూసి వెళ్ళినవాళ్ళే తప్ప కొన్నవాళ్ళు లేరు. చివరికి డేటా సెంటర్లు, అంటే వేల కంప్యూటర్లు పెట్టే గోదాములు, కట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళకి ఇల్లు అక్కర్లేదు, నేల కావాలి. కొంటే ఇల్లు కూల్చేస్తారు. ఎలెనార్ గారికి వృద్ధాశ్రమంలో గది కూడా చూసి వచ్చాడు గ్రెగ్. అక్కడ చూసుకోవడానికి వాళ్ళ మనుషులే ఉంటారు. నాకు చోటు లేదు.

"నన్ను ఇక్కడే పోనీ," అని ఆవిడ గ్రెగ్‌ని బతిమాలింది. పెద్దావిడ అలా ఒకరిని బతిమాలుతుంటే చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆఖరికి వాడు ఒక మాట ఇచ్చాడు. వచ్చే సోమవారం లోపల ఇల్లు ఉంచుకునేవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ళకే ఇస్తానన్నాడు. లేకపోతే సోమవారం సంతకం పెట్టేస్తానన్నాడు.

భవితని తీసుకొచ్చింది నేనే. శనివారాలు నేను తెలుగువాళ్ళ పార్టీలకి పులిహోర, బొబ్బట్లు చేసి ఇస్తాను. అలా పరిచయం. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే పాత ఇల్లు కొనాలని ఆ పిల్ల రెండేళ్ళుగా వెతుకుతోంది. ఇల్లు చూడగానే మెట్ల కమ్మీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. "ఆంటీ, పెళ్ళికూతురు ఈ మెట్ల మీదనుంచి దిగుతుంటే ఎలా ఉంటుందో చూడండి," అంది. కింద వెనక గది ఎలెనార్ గారికి ఉన్నంతకాలం ఇస్తానంది. వంటలు మీరే చూసుకోండి అంది.

అంతా కుదిరింది. ముఖద్వారమే దక్షిణానికి ఉంది.

నేను కారు దగ్గరికి వెళ్ళాను. అద్దం మీద వేలితో కొట్టాను. ఆయన దించారు.

"అయ్యగారూ, తలుపు ఉత్తరానికి ఉంటే?"

"ఉత్తరం కుబేరస్థానం. ఉంటే ఇంకేం అమ్మా. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

"ఉందండీ. ఇవాళ తెరవడానికి వీల్లేదు. వచ్చే ఆదివారం రండి, చూపిస్తాను."

ఉన్న మాటే చెప్పాను. ఆ ఇళ్ళలో మధ్యన ఒక పొడుగాటి హాలు ఉంటుంది. ఈ చివర ఒక తలుపు, ఆ చివర సరిగ్గా అలాంటిదే ఇంకో తలుపు. ఉత్తరపు తలుపుకి అడ్డంగా పింగాణీ సామాను బీరువా ఉంది. ఆ వైపు కిటికీలకి చెక్క రెక్కలు వేసేసి ఉంటాయి. వెనక పొలం వాళ్ళు అమ్మేసుకుని అక్కడ డేటా సెంటర్ లేచినప్పుడు ఎలెనార్ గారు అవన్నీ మూయించింది. అప్పటినుంచి ఆవిడ ఇంటికి ఆ వైపు లేదు. పొద్దున్నే దక్షిణం వైపు వరండాలో కూర్చుంటుంది. సాయంత్రమయ్యేసరికి చెవుల్లో వినికిడి మిషన్లు తీసి డబ్బాలో పెడుతుంది. ఇక డేటా సెంటర్ హోరు ఆవిడకి వినపడదు.

తలుపు తీస్తే డేటా సెంటర్ కనపడుతుందని నాకు తెలుసు. ఆష్‌బర్న్ వాళ్ళకి అదేం కొత్త? వాళ్ళ ఇళ్ళ పక్కన అవే, పిల్లల బడి పక్కన అవే. సగం మంది ఉద్యోగాలు అందులోనే. ఉదయం లేచి చూసేదే, అదొక లెక్కా అనుకున్నాను.

ఆ వారం అంతా ఆ తలుపుతోనే సరిపోయింది. పింగాణీ అంతా దించి దుప్పట్లలో చుట్టాను. బీరువా కాళ్ళ కింద సబ్బు రాసి, ఒక మూల తోసి, ఇంకో మూల తోసి, గోడవారకి చేర్చాను. తలుపుకి పెయింటు మీద పెయింటు వేసి అంచులు కనపడకుండా పోయాయి. వంటింటి కత్తి పొయ్యి మీద కాల్చి ఆ గీతలో దూర్చి కోశాను. గ్రెగ్ కొట్టిన మేకులు ఒకటొకటీ లాగాను. అరచేతుల్లో బొబ్బలెక్కి, ఎలెనార్ గారికి స్నానం చేయించేటప్పుడు నీళ్ళు తగిలితే మంట.

"నా ఇల్లు నువ్వే పడగొడుతున్నావా కోటీ?" అంది ఆవిడ చప్పుళ్ళు విని.

విషయం చెప్పాను. మా వాళ్ళకి దిక్కుల పట్టింపు ఉంటుందని, ఇది తీస్తే కొంటారని.

"తీయి. నన్ను మాత్రం అటు తీసుకెళ్ళకు," అంది.

శనివారం సాయంత్రానికి తలుపు కదిలింది. పై బందు తుప్పు పట్టి ఉంది. భుజం ఆనించి తోస్తే కర్ర చిట్లిన చప్పుడైంది గానీ, తెరుచుకుంది. గాలి వచ్చింది. ఆ వెనకే హోరు వచ్చింది. మళ్ళీ దగ్గరికి లాగి, గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టాను. మామిడాకులు ఎక్కడ దొరుకుతాయి? పెరట్లో పీచ్ పళ్ళ చెట్టు ఆకులు తోరణం కట్టాను. దూరానికి తేడా తెలియదు.

ఆదివారం వాళ్ళు కారు ముందు ఆపి, ఇంటి పక్కగా నడిచి వెనక వైపుకే వచ్చారు. భవిత పట్టుచీర కట్టుకుంది. చేతిలో స్వీటు డబ్బా. గడప పసుపు చూసి మల్లికార్జునరావు గారి ముఖం విచ్చుకుంది.

"ఎవరమ్మా ఇదంతా చేసింది? నువ్వేనా? మన పద్ధతి మర్చిపోలేదే," అన్నారు.

తలుపు బందుల ఇనుము దగ్గర ముల్లు తప్పు చూపిస్తుందని, గడపకి ఎడంగా చెక్క స్టూలు వేయించి దాని మీద దిక్సూచి పెట్టారు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"పాయింటు తేడా లేదు. శుద్ధ ఉత్తరం. కట్టినవాడు ఎవడోగానీ మంచి ఇంజనీరు." రిటైరవకముందు ఆయనా ఇంజనీరే. భవిత నా చెయ్యి పట్టుకుని నొక్కింది. బొబ్బల మీద నొక్కినా నాకు నొప్పి తెలియలేదు.

ఆయన దిక్సూచి జేబులో పెట్టుకుని, గడప దాటబోతూ ఒకసారి వెనక్కి తిరిగి, ఇంట్లోంచి బయటికి చూస్తే ఏం కనపడుతుందో చూశారు. అక్కడే ఆగిపోయారు.

పొలం అవతల, మట్టికట్ట మీద నాటిన బక్క చెట్లకి పైన, బూడిద రంగు గోడ ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఉంది. ఒక్క కిటికీ లేదు.

"ఉత్తరాన ఇంత ఎత్తా?" అన్నారు. "ఉత్తరం ఖాళీగా ఉండాలి, పల్లంగా ఉండాలి. ఇది కుబేరుడి నెత్తిన బండ పెట్టినట్టుంది."

"నాన్నా, మనం ఇప్పుడు ఉంటున్నది ఇలాంటిదాని పక్కనే కదా," అంది భవిత.

"అది అద్దె ఇల్లు."

శశికాంత్ ఫోన్ తీసి మ్యాప్ చూసుకుని, తల ఎత్తి మళ్ళీ గోడ చూశాడు.

"అది మా బిల్డింగే భవితా," అన్నాడు. "నేను రోజూ అటువైపు గేటునుంచి వెళ్తాను. ఇటువైపు ఎవరో ఉంటున్నారని తెలియదు నాకు."

"అయితే ఇంకా మంచిదే కదా, ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు."

"ఈ సైడ్ జనరేటర్లుంటాయి. నెలనెలా టెస్ట్ రన్ ఉంటుంది. నేనే చేయిస్తాను. ఒక్కోటీ లారీ అంత. అన్నీ స్టార్ట్ చేస్తే చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుంటాం." గొంతు తగ్గించాడు. "ఇక్కడ పెళ్ళి పెట్టుకుంటే మంత్రాలు వినపడవు."

"టెస్ట్ లేని రోజు చూసి పెట్టుకుందాం."

"ముహూర్తాలు నా టెస్ట్ షెడ్యూల్ చూసి పెడతారా మీ పంతులుగారు?"

నేను మధ్యలోకి వచ్చాను. "బాబూ, ఈ తలుపు ఎప్పటిలాగే మూసేద్దాం. కిటికీలు మూసి ఉంటే లోపలికి పెద్దగా వినపడదు. మేం ఉంటున్నాం కదా. అటు ముందు వైపు ఎంత బాగుంటుందో భవితమ్మ చూసింది."

మల్లికార్జునరావు గారు నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో కోపం లేదు.

"మూసేస్తే మళ్ళీ దక్షిణమేనమ్మా," అన్నారు.

ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. నిజంగానే వంగాను. ఆయన గబుక్కున వెనక్కి జరిగి తలుపు పట్టుకున్నారు. చిట్లిన కర్రలోంచి పై బందు ఊడి వచ్చింది. తలుపు పక్కకి వంగి, మూల నేలకి ఆని నిలబడిపోయింది.

అప్పుడు చూశాను. హాలు మధ్యలో ఎలెనార్ గారు నిలబడి ఉంది. నడక బండి పట్టుకుని, ముందు వరండా నుంచి ఒక్కర్తీ వచ్చేసింది. కొత్తవాళ్ళు వస్తున్నారని ముత్యాల దండ వేయమని పొద్దున్నే అడిగితే నేనే వేశాను. వాళ్ళని పలకరించడానికి వచ్చి ఉంటుంది. వాళ్ళ వైపు చూడటం లేదు.

"వాల్‌నట్ చెట్టు ఏది?" అంది.

ఆ చెట్టు మట్టికట్ట ఉన్నచోట ఉండేది. తలుపులు మూయించినప్పుడు ఇంకా ఉంది. ఆ తరవాత కొట్టేశారు. నేను చూశాను, ఆవిడకి చెప్పలేదు.

"నా గుర్రం దాని కిందే ఉంది," అంది. పాతిపెట్టిన గుర్రం సంగతి నాకు అంతకుముందు చాలాసార్లు చెప్పింది. వాళ్ళకి అర్థం కాలేదు. శశికాంత్ "ఐయామ్ సో సారీ మేడమ్" అన్నాడు. దేనికో వాడికీ తెలిసినట్టు లేదు.

వాళ్ళు వెళ్ళేటప్పుడు భవిత స్వీటు డబ్బా నా చేతిలో పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ కారు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నాలో ఆశ లేచింది.

"ఆంటీ, శనివారం మా పాప సాన్వి బర్త్‌డే. పులిహోర మీరే చేయాలి. వేరే ఎవరికీ చెప్పలేదు నేను," అంది.

"అలాగేనమ్మా," అన్నాను. శనివారానికి నేను ఏ పొయ్యి మీద వండుతానో ఆ పిల్ల అడగలేదు. నేనూ చెప్పలేదు.

తలుపు మూయాలని చూశాను. కింద మూల ఎత్తి తోస్తే పైన పక్కకి ఒరుగుతుంది. పైన నెడితే కింద నేల గీరుకుంటుంది. దానికి అడ్డంగా కుర్చీ పెట్టాను, బల్ల పెట్టాను. సందులోంచి హోరు వస్తూనే ఉంది. ఆఖరికి నా మందపు దుప్పటి, పాత నేత చీరలు రెండు, లాగిన మేకులే మళ్ళీ కొట్టి తగిలించాను. గాలికి అవి లోపలికి ఉబ్బుతున్నాయి. పసుపు గడప కింద కనపడుతోంది.

పొద్దు వాలేవేళకి గ్రెగ్ ఫోన్ చేశాడు. ఎవరైనా ఒప్పుకున్నారా అని అడిగాడు. ఎలెనార్ గారు చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"లేదు. రేపు రా," అంది. "పెన్ను నువ్వే తెచ్చుకో, ఇక్కడివి రాయవు." ఫోన్ నాకిచ్చి, మంచం మీద వెనక్కి వాలింది.

పాలలో రొట్టె ముక్కలు నానబెట్టి తినిపించాను. భవిత తెచ్చిన కాజా ఒకటి చిదిపి పెడితే నాలుగు పలుకులు తింది. ముత్యాల దండ తీస్తుంటే నా అరచేయి తిప్పి చూసి, బొబ్బల మీద తన చెయ్యి కప్పింది. చలిచేతులు ఆవిడవి.

"అక్కడికి నువ్వూ వస్తావుగా కోటీ?"

"వస్తాను," అన్నాను.

"తలుపు వేశావా?"

"వేశాను."

దుప్పటి అవతలనుంచి హోరు హాలు నిండా వచ్చి ఆ గదిలోకీ వస్తోంది. ఆవిడ చెవుల్లో మిషన్లు ఇంకా ఉన్నాయి. కాసేపు నా ముఖంలోకి చూసింది. తరవాత రోజూలాగే ఒకటి తీసి నా చేతికిచ్చింది. రెండోది తీయడానికి కొంచెం ఆలస్యం చేసింది. అదీ తీసి ఇచ్చి, కళ్ళు మూసుకుంది.