మూడో గదిలో వాన

గుణశేఖర్ వచ్చిన రోజునే వాన పడేది. ఊళ్లో కాదు. పెందుర్తి దాటాక సబ్బవరం రోడ్డు పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో, మూడో గది ముందు, నాలుగు గోడల మధ్య.

మూడో గదిలో రొయ్యల పెట్టెలుంటాయి, మైనస్ ఇరవైలో. ఆ గడ్డకట్టే చలికీ బయటి ఎండకీ మధ్య ఇంకో చిన్న చల్లటి గది ఉంది. అందరూ ముందుగది అంటారు. ఓడరేవుకు బయల్దేరే పెట్టెలు కాసేపు ఆగేది అక్కడే. వాన కురిసేదీ అక్కడే. ఏప్రిల్లో తనిఖీకి వచ్చినప్పుడు సీలింగు నుంచి ఒక చుక్క రాలి గుణశేఖర్ సంతకాన్ని అలికేసింది. మే మొదట్లో వచ్చినప్పుడు రెండు చుక్కలు, సూటిగా ఆయన బట్టతల మీద. రొయ్యలు కొనే కంపెనీ తరఫు మనిషి ఆయన. తడిస్తే అట్టపెట్టె మెత్తబడుతుందనీ, బూజు పడుతుందనీ ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

"మూడోసారి ఒక్క చుక్క కనిపించినా సరుకంతా వేరే చోటికి తీసుకుపోతాం" అనేసి వెళ్లాడు.

యజమాని గవర్రాజు ఆ మాటను జ్యోతిర్మయికి ఇంకాస్త దగ్గరగా చెప్పాడు. "సరుకెల్పోతే నీ కుర్చీ కూడా ఆ లారీలోనే ఎల్పోద్దమ్మా."

జ్యోతిర్మయి ఆ కుర్చీలో కూర్చుని మూడు నెలలే అయింది. స్టోరేజీకి ఇన్‌ఛార్జి. విచిత్రం ఏమిటంటే, మామూలు రోజుల్లో ఆ సీలింగు వేయించని అప్పడంలా పొడిగా ఉండేది. మెకానిక్ నజీర్ అహ్మద్ తలుపు చుట్టూ రబ్బరు మార్చాడు. మిట్టమధ్యాహ్నం పైకప్పు ఎక్కి చిల్లులు వెతికాడు. ఇరవై ఆరేళ్లుగా చల్లటి మిషన్ల మధ్య బతికినవాడు, ఆఖరికి తేల్చేశాడు.

"మిషన్‌కి కేలండర్ తెలీదు మేడమ్. సారొచ్చే రోజు దానికేం తెల్సు? ఇది లోపలి మనిషి పనే. పక్కా."

తలుపు రిజిస్టరు చూస్తే ఆ రెండు రోజులూ తలుపు తీసినట్టే లేదు. కానీ సరుకు కదిలినప్పుడు మాత్రమే అందులో రాస్తారన్న సంగతి జ్యోతిర్మయికి నిన్న రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది.

అందుకే ఈ రోజు, మూడో తనిఖీ రోజున, ఆమె ఉదయం ఏడున్నరకే వచ్చింది. పదకొండుకి గుణశేఖర్ వస్తాడు. ఎవరికీ చెప్పకుండా చలికోటు తొడుక్కుని, ముందుగదిలో ఖాళీ పెట్టెల వెనక నక్కింది. పక్కన నజీర్. ఆమె చేతిలో తేమ మీటరు. అంకె అరవై మూడు.

"కర్ర తెచ్చారేంటి నజీర్ భాయ్?"

"దొంగని పట్టుకుంటే ఉత్త చేతుల్తో సలాం కొడతామా మేడమ్?"

ఎనిమిదైంది. ఎనిమిదిన్నర. కాళ్లు కొయ్యలైపోతున్నాయి. తొమ్మిదికి కొన్ని నిమిషాల ముందు తలుపు గడియ కదిలింది. నజీర్ కర్ర పైకెత్తాడు. తలుపు మెల్లగా కాదు, బార్లా, గోడకు తగిలేలా తెరుచుకుంది. విశాఖ ఉక్కపోత మొత్తం ఒక్కసారిగా లోపలికి దూకింది.

ముందు ఒక బకెట్ వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక కొంగు నడుముకి దోపుకున్న దేముడమ్మ.

శుభ్రం చేసే ఆడవాళ్లకి పెద్ద ఆమె. స్టోరేజీ పుట్టినప్పటి నుంచీ ఉంది. పొగలు కక్కే ఫినాయిల్ నీళ్లు నేలంతా కుమ్మరించింది. గుమ్మానికి వేలాడే మందపాటి ప్లాస్టిక్ పట్టీలన్నిటినీ జడలా చుట్టి, ఎర్ర రిబ్బనుతో పైకి కట్టేసింది. తలుపు మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టింది. గుమ్మం బయట కూర్చుని తీరిగ్గా ముగ్గు మొదలెట్టింది.

మీటరు ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది. సీలింగు మీద ఆవగింజలంత నీటిబొట్లు మొలిచి, కంది గింజలంత అయ్యాయి.

"దేముడమ్మ పిన్నీ!" జ్యోతిర్మయి, వెనకే నజీర్ గుమ్మం దగ్గరికి దూసుకొచ్చారు.

"ఓలమ్మో!" దేముడమ్మ చేతిలోని ముగ్గుపిండి నజీర్ గడ్డం మీద పడింది. "పెట్టెల్లో దూరి ఏటి సేత్తన్నారమ్మా మీరిద్దరూ? గుండె ఆగిపోయింది నాకు!"

"నువ్వేటి సేత్తన్నావ్? ఆ తలుపేటి, ఆ నీళ్లేటి?"

"పెద్దమనిసి వత్తాడు కదేటి! మూసిన తలుపు ముందు నిలబెడతామా? తెరలు మొకానికి కొట్టుకుంటే ఏటనుకుంటాడు? పోయినసారి సినుకు పడిందని ఇయ్యాల ఇంకో బకెట్ ఎక్కువేసి కడిగినాను."

నజీర్ కర్ర కింద పడేసి గడ్డం దులుపుకున్నాడు. "దొరికింది మేడమ్ మన దొంగ. మర్యాద."

కోప్పడటానికి టైము లేదు. జ్యోతిర్మయి ఇటుకను తన్ని, దేముడమ్మను లోపలికి లాగి తలుపు మూసి, రిబ్బను లాగేసింది. "పిన్నీ, ఈ నీళ్లు కప్పులోంచి రావట్లేదు. బయటి గాలిలోంచి వత్తన్నాయి. చల్లటి రేకు తగిల్తే ఆ తేమంతా చుక్కయి కూర్చుంటాది. నువ్వు నేల మీద పోసింది కూడా పైకే ఎక్కుతాది."

దేముడమ్మ తలెత్తి చూసింది. నోరు తెరుచుకుంది. "అంటే రెండుసార్లూ ఆ బాబు నెత్తి మీద పోసింది నానేనా?"

అప్పుడే ఫోన్ మోగింది. గేటు దగ్గర సెక్యూరిటీ. "మేడమ్, సారు వచ్చీసినారు. ఎండెక్కకముందే చూసుకుంటారంట."

తొమ్మిదీ పది. దాదాపు రెండు గంటలు ముందు.

"భాయ్, ఎంత టైం కావాలి?"

"నేల పొడిగుడ్డల్తో తుడిచి, పైన కర్రకి తువ్వాలు కట్టి ఒత్తేస్తే, మిగతా తేమ మిషనే లాగేస్తది. ముప్పావు గంట. కానీ ఆ తలుపు ఒక్కసారి కూడా తియ్యకూడదు. బిల్కుల్."

ముప్పావు గంట! గేటు నుంచి ఇక్కడికి మూడు నిమిషాలు. జ్యోతిర్మయి చుట్టూ చూసింది. దేముడమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"పిన్నీ, నీ మర్యాదంతా ఇప్పుడే కావాలి. వరండాలో. ఆయన్ని కుర్చీలోంచి లేవనియ్యకు."

దేముడమ్మ ముఖం వెలిగింది. "నిన్ననే ముంజులు తెప్పించినాను. బుట్టెడు!" అంటూ తలుపు సందులోంచి బయటికి జారిపోయింది.

తర్వాతి ముప్పావు గంట లోపల యుద్ధం, బయట విందు. లోపల నజీర్, జ్యోతిర్మయి తువ్వాలు కట్టిన కర్రలతో సీలింగు ఒత్తుతున్నారు. బయట గుణశేఖర్ గొంతు వినిపిస్తోంది.

"చాలమ్మా, ఇంక చాలు."

"ఏడు దగ్గర ఆపేత్తారేటి, బేసి సంక్య తినకూడదు బాబూ. ఇది తినీయండి."

"ఇప్పుడు ఎనిమిది అయ్యాయి కదా?"

"మజ్జిగ తాగితే తొమ్మిది. ఇంకోటి తినీయండి, సరిపోద్ది."

మీటరు తొంభై. ఎనభై. డెబ్భై దాటి కిందికి దిగాక జ్యోతిర్మయి చేతులు తుడుచుకుని బయటికొచ్చింది, తలుపు మనిషి పట్టేంత మాత్రమే తీసి. "రండి సార్. త్వరగా దూరిపోవాలి."

పట్టీలు గుణశేఖర్ ముఖానికి ఫట్‌మని కొట్టుకున్నాయి. బయట దేముడమ్మ బాధగా కళ్లు మూసుకుంది.

ఆయన సీలింగు కింద నిలబడి తలెత్తాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పెట్టె అంచు వేలితో నొక్కాడు, గట్టిగా ఉంది. వంగి నేల తడిమాడు. చుక్క లేదు. అయినా ముఖంలో నవ్వు లేదు.

"ఇవాళ నా కోసం తుడిచి ఉంచారు. రేపటి సంగతేంటి? కారణం తెలియకుండా సంతకం పెట్టను."

ఆయన అన్నది నిజమే. కారణం చెప్తే దేముడమ్మ పేరు బయటపడుతుంది. జ్యోతిర్మయి తలుపు వైపు తిరిగి, "బయటికి రండి సార్, చూపిస్తాను" అంది.

వరండాలోకి అడుగు పెట్టగానే గుణశేఖర్ కళ్లద్దాలు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. ఆయన గుడ్డిగా గాలిలో చేయి చాపాడు. "ఏమీ కనిపించట్లేదు!"

"మీ అద్దాలకి చిల్లు పడిందా సార్?"

"లేదే."

"మరి నీళ్లెక్కడివి?"

గుణశేఖర్ చేయి గాలిలోనే ఆగిపోయింది. నెమ్మదిగా అద్దాలు తీసి, వాటి మీది తడి చూసి, వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. "తలుపు! నేను వచ్చేముందు తలుపు తెరిచి పెట్టేవారు. ఎవరు?"

"మేమే సార్. మీకు మర్యాద చెయ్యాలని" అంది జ్యోతిర్మయి.

"మేం కాదు, నానే బాబూ!" దేముడమ్మ అడ్డొచ్చింది. "ఈ పాపకి ఏటీ తెల్దు. కడిగింది నాను, తెరలు కట్టింది నాను. ఇంక ఆ గడప మీద ఎవలైనా తలుపు తీసి నిలబడితే సీపురు తిరగేత్తాను!"

గుణశేఖర్ ఒక్కసారిగా నవ్వాడు. పొట్టలో తొమ్మిది ముంజలు, పైన మజ్జిగ. నవ్వడానికి కూడా కష్టపడ్డాడు. దేముడమ్మ కొంగుతో తుడిచిచ్చిన అద్దాలు పెట్టుకుని, వరండా బల్ల మీదే సంతకం చేశాడు. ఈసారి అది అలుక్కుపోలేదు.

"వచ్చేసారి మాత్రం చెప్పకుండా వస్తాను" అన్నాడు కారెక్కుతూ.

నజీర్ ముగ్గుపిండి అంటిన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. జ్యోతిర్మయి లోపలికెళ్లి తన కుర్చీలో కూర్చుంది, చాలా రోజులకి మొదటిసారి హాయిగా వెనక్కి వాలి.

దేముడమ్మ మాత్రం కారు వెనక నాలుగడుగులు పరిగెత్తింది.

"సెప్పకుండా వత్తే ముంజులెలాగ బాబూ? ముందురోజు ఓ ఫోన్ కొట్టండి. తలుపు తియ్యనులెండి, ఒట్టు!"